పసివాళ్ల చేతికి మోటారు బండి: ఆటవస్తువా, వాహనమా?

ద్విచక్ర వాహనాల అమ్మకాల్లో ప్రపంచంలోనే అగ్రస్థానంలో ఉన్న దేశం మనది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశీయ విపణిలో అమ్ముడుపోయిన మోటారు సైకిళ్లు, స్కూటర్లు, మోపెడ్ల సంఖ్య సుమారు కోటీ 96 లక్షలు. పాల క్యాను తగిలించుకుని తిరిగే రైతు దగ్గర నుంచి కాలేజీ కుర్రకారు దాకా అందరి అవసరాలకూ తగిన బండి ఈ విపణిలో దొరుకుతుంది. ఇంతవరకు చోటు లేనిది బడి ముఖం కూడా సరిగా చూడని పసివారికి మాత్రమే. ఇప్పుడు ఆ కొరతా తీరుతున్నది. నాలుగేళ్లు నిండిన పిల్లలు మట్టినేల మీద నడపడానికి ఉద్దేశించిన బుల్లి మోటారు సైకిళ్లు దుకాణాలకు చేరుతున్నాయి. వీటిని చూసి ముచ్చటపడేవారు ఉన్నారు, గుండెలు బాదుకునేవారూ ఉన్నారు. ఈ బండికి మన చట్టాల్లో పేరేమిటి, మన ఊళ్లలో చోటెక్కడ, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలు మాత్రం ఎవరికీ పట్టినట్టు లేదు.

కొత్తది కాదు, మనకే కొత్త

పిల్లల కోసం ప్రత్యేకంగా మోటారు సైకిలు తయారుచేయడం అన్నది నిన్న మొన్నటి ఆలోచన కాదు. జపాన్‌ కంపెనీ హోండా 1960వ దశకం చివరలోనే చిన్నారుల ఎత్తుకు తగిన 50 సీసీ బండ్లను అమెరికా విపణిలో ప్రవేశపెట్టింది. 1981లో యమహా తెచ్చిన పీడబ్ల్యు-50 ఈ తరగతికే నమూనాగా నిలిచిపోయింది. గేర్లు మార్చే పని లేదు. క్లచ్‌ లేదు. సైకిలుకు ఉన్నట్టే రెండు బ్రేకులూ చేతికే అందుతాయి. యాక్సిలరేటర్‌ ఎంతవరకు తిరగాలో తండ్రి ముందుగానే ఒక మరతో బిగించి ఉంచవచ్చు. పిల్లవాడు ఎంత గట్టిగా తిప్పినా బండి ఆ హద్దు దాటదు. నాలుగు దశాబ్దాలు గడిచినా ఆ నమూనా పెద్దగా మారలేదంటే ఆ ఆలోచనలోని పదును అర్థమవుతుంది.

ఈ బండ్లకూ, పెద్దవారి బండ్లకూ తేడా కేవలం పరిమాణంలోనే లేదు. హెడ్‌లైటు, నంబరు పలక, వెనుక చూపే అద్దాలు వీటికి ఉండవు. రోడ్డెక్కే ఉద్దేశమే వీటికి లేదు గనుక వాటి అవసరమూ లేదు. పట్టు కోసం గుబ్బలు తేలిన టైర్లు, గతుకులను తట్టుకునే సస్పెన్షన్‌, రెండు పాదాలూ నేలకు ఆనేంత తక్కువ ఎత్తులో సీటు వీటి ప్రధాన లక్షణాలు. బాలుడి వయసు కన్నా ఎత్తునూ, బరువునూ చూసి బండిని ఎంచుకోవాలన్నది ఈ రంగంలో అందరూ అంగీకరించే మొదటి సూత్రం. పిల్లవాడు ఎలాగూ ఎదుగుతాడు కదా అని చొక్కా కొన్నట్టు ఒక సైజు పెద్దది కొనడం ఇక్కడ పనికిరాదు. పాదాలు నేలకు అందని బండి పక్కకు ఒరిగితే దానిని నిలబెట్టే శక్తి ఆ చిన్నారికి ఉండదు.

ఇటీవలి కాలంలో పెట్రోలు స్థానంలో విద్యుత్తు వచ్చింది. అమెరికాలో బుల్లి విద్యుత్‌ సైకిళ్లు తయారుచేసే స్టాసిక్‌ సంస్థను 2019లో హార్లీ డేవిడ్సన్‌ కొనుగోలు చేసింది. ఆస్ట్రియాకు చెందిన కేటీఎం కూడా పిల్లల పోటీ బండిని విద్యుత్తుతో నడిచేలా తయారుచేసి ప్రదర్శించింది. పొగ లేదు, చప్పుడు లేదు, కాలే సైలెన్సర్‌ లేదు. వేగాన్ని మీట నొక్కి నియంత్రించవచ్చు. తల్లిదండ్రుల భయాన్ని సగానికి సగం తగ్గించిన మార్పు ఇది. అమ్మకాలకు దారి సుగమం చేసినదీ ఇదే.

ధర దిగింది, దూరం తగ్గింది

మన దేశంలో ఈ బండ్లు ఇంతకాలం శ్రీమంతుల వినోదంగానే ఉన్నాయి. సుజుకీ 2018లో దిగుమతి చేసి అమ్మిన 50 సీసీ పిల్లల బండి ధర రెండున్నర లక్షల రూపాయల పైమాటే. పోటీలకు ఉద్దేశించిన కవాసాకీ కేఎక్స్‌-65 బండికి 2024లో ప్రకటించిన ధర మూడు లక్షలు దాటింది. పూర్తిగా విదేశాల్లో తయారై వచ్చే ఈ తరగతి మోటారు సైకిళ్ల మీద దిగుమతి సుంకమే 50 శాతం ఉండేది. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో దానిని 40 శాతానికి తగ్గించారు. అయినా మధ్యతరగతి కుటుంబానికి అది అందని ద్రాక్షే. అంత ఖర్చుపెట్టి కొన్నవారు శిక్షకుడినీ, మైదానాన్నీ, రక్షణ దుస్తులనూ కూడా సమకూర్చుకోగలిగేవారు. అందువల్ల ఇది ప్రభుత్వం పట్టించుకోవలసిన విషయంగా ఎవరికీ తోచలేదు.

2025 డిసెంబరుతో పరిస్థితి మారింది. దేశంలోనే అతిపెద్ద ద్విచక్ర వాహనాల సంస్థ హీరో మోటోకార్ప్‌ తన విద్యుత్‌ వాహనాల విభాగమైన విడా పేరు మీద 4 నుంచి 10 ఏళ్ల పిల్లల కోసం డర్ట్‌-ఈ కే-3 అనే బండిని విడుదల చేసింది. ప్రారంభ ధర రు. 69,990. పిల్లవాడు ఎదిగే కొద్దీ ఎత్తును మూడు దశల్లో పెంచుకునే ఏర్పాటు ఉన్నది. వేగానికీ మూడు హద్దులున్నాయి. అన్నిటికన్నా ఎక్కువది గంటకు 25 కిలోమీటర్లు. ఆ హద్దును తల్లిదండ్రులు తమ ఫోను నుంచే నిర్ణయించవచ్చు. బండి మీద నుంచి పడిపోతే మోటారు తక్షణం ఆగిపోయే ఏర్పాటూ ఉన్నది. యంత్రం వరకు చూస్తే శ్రద్ధగా ఆలోచించి చేసిన పనే.

కానీ రెండున్నర, మూడు లక్షల వస్తువు డెబ్బై వేలకు దిగడమంటే ఒక మామూలు స్కూటరు ధరకు చేరడమే. ఇక ఇది శ్రీమంతుల పెరటిలోని వినోదం కాదు. వాయిదాల మీద ఇంటికి టీవీ, ఫ్రిజ్‌ తెచ్చుకునే ఉద్యోగి కుటుంబం పుట్టినరోజు కానుకగా కొనగలిగిన వస్తువు. కంపెనీల ఆసక్తిని అర్థం చేసుకోవడమూ కష్టం కాదు. ద్విచక్ర వాహనాల అమ్మకాలు 2018-19లో అందుకున్న కోటీ 12 లక్షలకు మరో కోటి కలిపిన గరిష్ఠ స్థాయిని, అంటే 2 కోట్ల 12 లక్షలను, 2024-25 నాటికి కూడా తిరిగి చేరలేదు. కొత్త కొనుగోలుదారులు కావాలి. నాలుగేళ్ల వయసులో మనసుకు ఎక్కిన పేరు పద్దెనిమిదేళ్లు నిండాక షోరూముకు నడిపిస్తుందన్న లెక్క వ్యాపారంలో తప్పు కాదు. ఆ లెక్కలో పిల్లవాడి క్షేమం ఎంతన్నది చూడవలసింది వ్యాపారి ఒక్కడే కాదు, ప్రభుత్వమూ, సమాజమూ.

సమర్థకుల వాదన

ఈ క్రీడను సమర్థించేవారి మాటలను తేలికగా తోసిపుచ్చడానికి వీల్లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది వారి మొదటి వాదన. ఐరోపాలో, ముఖ్యంగా స్పెయిన్‌, ఇటలీ దేశాల్లో ప్రపంచ స్థాయి రేసర్లు బాల్యంలోనే బుల్లి బండ్లెక్కినవారు. మన దేశంలో ఆ అవకాశం లేకపోయినా ప్రతిభ లోపించలేదు. అత్యంత కఠినమైనదిగా పేరుపడిన డాకర్‌ ర్యాలీని 2015లో పూర్తిచేసి సి.ఎస్‌.సంతోష్‌ ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడయ్యాడు. 2019లో బెంగళూరుకు చెందిన ఐశ్వర్య పిస్సె మహిళల విభాగంలో ప్రపంచ బాహా కప్పు గెలుచుకుంది. కేరళ యువకుడు హరిత్‌ నోవా 2024 డాకర్‌లో ర్యాలీ-2 తరగతిలో విజేతగా నిలిచాడు. ఇరవై ఏళ్లకు మొదలుపెట్టి ఇంత సాధించగలిగినవారు ఆరేళ్లకే మొదలుపెడితే ఎంత సాధిస్తారో అని సమర్థకులు ప్రశ్నిస్తున్నారు. మట్టి ట్రాకుల మీద జరిగే సూపర్‌క్రాస్‌ లీగ్‌ 2024లో పుణె, అహ్మదాబాద్‌, బెంగళూరు నగరాల్లో మొదలై, 2025 డిసెంబరులో హైదరాబాద్‌ గచ్చిబౌలి స్టేడియానికి కూడా వచ్చింది. తెలుగు ప్రేక్షకులకు సైతం ఈ క్రీడ ఇక టీవీలో చూసే విదేశీ వింత కాదు.

వారి రెండో వాదన మరింత బలమైనది. మన వీధుల్లో పదమూడు, పధ్నాలుగేళ్ల పిల్లలు తండ్రి స్కూటరు తీసుకుని ట్యూషన్‌కు వెళ్లడం ఎవరూ చూడనిది కాదు. తలకు హెల్మెట్‌ ఉండదు. వెనుక మరో ఇద్దరుంటారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు పొట్టనబెట్టుకున్న లక్షా 68 వేల మందిలో 18 ఏళ్లలోపువారు 9,528 మంది. మొత్తం మృతుల్లో ద్విచక్ర వాహనదారులే 44 శాతం పైచిలుకు. దీనితో పోలిస్తే, నాలుగు వైపులా కంచె ఉన్న మైదానంలో, తల నుంచి కాలి వరకు రక్షణ కవచాలు వేసుకుని, శిక్షకుడి కళ్లెదుట గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో తిరిగే పసివాడు ఎంతో క్షేమంగా ఉన్నట్టే లెక్క. బ్రేకు ఎప్పుడు వేయాలో, మలుపులో చూపు ఎటు ఉండాలో, హెల్మెట్‌ లేనిదే బండి ఎందుకు ఎక్కకూడదో అక్కడ నేర్చుకున్నవాడు పెద్దయ్యాక రోడ్డు మీద కూడా మర్యాదగా నడుపుతాడని వారంటారు. ఈ మాటలో నిజం ఉన్నది.

అయితే ఈ వాదనంతా ఆ కంచె మీదా, ఆ కవచాల మీదా, ఆ శిక్షకుడి మీదా ఆధారపడి నిలిచినదన్న సంగతి మరువరాదు. ఆ మూడూ లేకపోతే మిగిలేది బండి ఒక్కటే.

పసి శరీరం, పరిణతి లేని మనసు

చిన్నపిల్లల శరీరంలో తల బరువు పాలు పెద్దలకన్నా ఎక్కువ. మెడ కండరాలు బలహీనం. పడినప్పుడు ముందుగా తాకేది తలే. పెద్దవారి హెల్మెట్‌ తెచ్చి బిగిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. దూరాన్నీ, వేగాన్నీ అంచనా వేసే శక్తి, తొందరను అణచుకునే నిగ్రహం వయసుతో వచ్చేవే తప్ప బోధనతో రాత్రికి రాత్రి వచ్చేవి కావు. భయపడిన చిన్నారి చెయ్యి సహజంగా గట్టిగా బిగుసుకుంటుంది. బిగుసుకునే ఆ చేతిలోనే యాక్సిలరేటర్‌ కూడా ఉన్నది. ఈ కారణాల వల్లనే అమెరికాలోని శిశువైద్యుల అకాడమీ 16 ఏళ్లలోపు పిల్లలు రెండు, మూడు, నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్‌ వాహనాలు వేటినీ నడపరాదని 2000 సంవత్సరంలోనే స్పష్టంగా హెచ్చరించింది. ఈ క్రీడ పుట్టి పెరిగిన దేశంలోని వైద్యుల మాట ఇది.

పద్ధతి ప్రకారం నడిచే పోటీల్లోనూ విషాదాలు తప్పలేదు. 2021లో ఐరోపా సర్క్యూట్లలో కొద్ది నెలల వ్యవధిలోనే ముగ్గురు కుర్ర రేసర్లు ప్రాణాలు కోల్పోయారు. వారి వయసు 14, 15, 19 ఏళ్లు. ఆ దెబ్బతో అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్య మేలుకుని ప్రపంచ గ్రాండ్‌ ప్రీ పోటీల్లో పాల్గొనేందుకు కనీస వయసును 2023 నుంచి 18 ఏళ్లకు పెంచుతున్నట్టు ప్రకటించింది. దిగువ స్థాయి పోటీల్లోనూ వయో పరిమితులను సవరించింది.

మన దేశానికి ఆ చేదు అనుభవం 2023 ఆగస్టు 5న ఎదురైంది. చెన్నై సమీపంలోని మద్రాస్‌ అంతర్జాతీయ సర్క్యూట్‌లో జరిగిన జాతీయ చాంపియన్‌షిప్‌ పోటీలో బెంగళూరుకు చెందిన 13 ఏళ్ల బాలుడు మొదటి మలుపు దగ్గర పడిపోయి తలకు తగిలిన గాయాలతో మరణించాడు. పది రోజుల క్రితమే పదమూడో పుట్టినరోజు జరుపుకున్నవాడు. అతను నడిపినది తారు ట్రాకు మీది పోటీ బండి. మట్టినేల మీది బుల్లి బండి కాదు. వేగంలోనూ రెండింటికీ పోలిక లేదు. అయినా అక్కడ రక్షణ దుస్తులున్నాయి, అంబులెన్స్‌ ఉన్నది, వైద్యులున్నారు, నియమావళి ఉన్నది. అన్నీ ఉన్నచోటే అంత జరిగితే ఏదీ లేనిచోట ఏమవుతుందో ఊహించడానికి పెద్ద జ్ఞానం అక్కరలేదు.

మైదానం నిర్వహణలో లోపం ఉంటే ముప్పు బండి నడిపేవారికే పరిమితం కాదనడానికి పొరుగునే ఉదాహరణ ఉన్నది. మట్టి ట్రాకు పోటీలకు విపరీతమైన ఆదరణ ఉన్న శ్రీలంకలో 2024 ఏప్రిల్‌ 21న దియతలావాలోని ఫాక్స్‌హిల్‌ సూపర్‌క్రాస్‌ పోటీల్లో అదుపు తప్పిన రేసు కారు ప్రేక్షకుల మీదికి దూసుకుపోయింది. ఏడుగురు మరణించారు. వారిలో ఎనిమిదేళ్ల బాలిక ఉన్నది. ఆ పోటీలు సైన్యం ఆధ్వర్యంలో జరిగినవి. క్రమశిక్షణకు మారుపేరైన వ్యవస్థ సమక్షంలోనే ట్రాకుకూ, జనానికీ మధ్య చాలినంత రక్షణ లేకపోయింది.

చట్టానికి కనిపించని బండి

ఇక మన చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టి అంతా రోడ్డు మీదనే. రోడ్ల మీద వినియోగానికి తగినట్టు తయారైన యంత్ర చోదిత వాహనమే దాని నిర్వచనం ప్రకారం మోటారు వాహనం. కర్మాగారాల్లోనో, ఇతర మూసిన ప్రాంగణాల్లోనో మాత్రమే తిరిగే ప్రత్యేక తరహా వాహనాలను, 25 సీసీ మించని ఇంజను కలిగి నాలుగు కన్నా తక్కువ చక్రాలున్న వాహనాలను ఆ నిర్వచనం మినహాయించింది. సుప్రీంకోర్టు కూడా 2025 ఆగస్టులో విశాఖ ఉక్కు కర్మాగారం యార్డులో తిరిగే వాహనాలకు సంబంధించిన కేసులో, బహిరంగ స్థలంలో వాడని వాహనాల మీద ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం వాహన పన్ను విధించరాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు పన్ను గురించే అయినా చట్టం ఆలోచనా ధోరణి అర్థమవుతున్నది. కంచె లోపల ఉన్నంతవరకు రవాణా శాఖకు ఆ బండితో పనిలేదు.

మరి కంచె దాటితే? చిక్కంతా ఇక్కడే ఉన్నది. ప్రజలకు ప్రవేశ హక్కు ఉన్న ఏ చోటైనా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. కాలనీ వీధి, గుడి ముందు ఖాళీ జాగా, చెరువు గట్టు అందులోకే వస్తాయి. అక్కడ బండి నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. 50 సీసీ మించని మోటారు సైకిలుకు మాత్రం 16 ఏళ్లు చాలు. రిజిస్ట్రేషన్‌ ఉండాలి, మూడో పక్షానికి నష్టపరిహారం అందించే బీమా ఉండాలి. అంతకంతకూ విస్తరిస్తున్న ఆన్‌లైన్‌ అంగళ్లలో కనిపించే తాడు లాగి స్టార్టు చేసే 49 సీసీ పెట్రోలు బుల్లి బండ్లకు 25 సీసీ మినహాయింపు వర్తించదు. వాటికి రిజిస్ట్రేషనూ దొరకదు, బీమా అంతకన్నా దొరకదు.

2019లో చట్టానికి చేర్చిన 199-ఎ సెక్షన్‌ ప్రకారం బాలలు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడూ, వాహన యజమానీ దోషులవుతారు. మూడేళ్ల వరకు జైలు, రు. 25 వేల జరిమానా, ఏడాదిపాటు వాహన రిజిస్ట్రేషన్‌ రద్దు, ఆ బాలుడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు నిరాకరణ అందులోని శిక్షలు. అసలు రిజిస్ట్రేషనే లేని బండికి రిజిస్ట్రేషన్‌ రద్దు ఏపాటి శిక్ష? ఏడేళ్లలోపు పిల్లలు చేసిన ఏ పనీ నేరం కాదని మన శిక్షాస్మృతి చెబుతున్నది. ఆరేళ్ల బాలుడి బండి తగిలి వీధిలో నడిచిపోతున్న ముసలమ్మ తుంటి ఎముక విరిగితే నేరం ఎవరిదన్నది న్యాయవాదులు తేల్చుకునే లోపల ఆమె ఆస్పత్రి ఖర్చులు భరించేది ఎవరు? బీమా కంపెనీ రాదు. తయారీదారు రోడ్డు మీద వాడవద్దని పుస్తకంలో రాశాం కదా అంటాడు. చివరకు ఇరుగుపొరుగుల మధ్య తగువుగా మిగిలిపోతుంది.

పోనీ ఆటవస్తువు అందామా అంటే అక్కడా సందిగ్ధమే. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం తెచ్చిన ఉత్తర్వు 2021 జనవరి నుంచి అమల్లో ఉన్నది. చక్రాల బొమ్మ కారుకు, కిచకిచలాడే రబ్బరు పిట్టకు ఉన్న ఆ పరీక్షలు గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో పసివాడిని మోసుకుపోయే యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. ఐరోపా సమాజం 2009లో తెచ్చిన ఆటబొమ్మల నిబంధనలు ఇంజనుతో నడిచే బొమ్మ వాహనాలను తమ పరిధి నుంచి సూటిగా తొలగించాయి. మన దగ్గర అంత స్పష్టత కూడా లేదు. రోడ్డు వాహనమూ కాక, ఆటబొమ్మా కాక ఈ బండి త్రిశంకు స్వర్గంలో వేలాడుతున్నది.

నిషేధం మందు కాదు

ఇన్ని చిక్కులుంటే నిషేధిస్తే సరిపోదా అనేవారు అమెరికా అనుభవాన్ని గమనించాలి. పిల్లల వస్తువుల్లో సీసాన్ని అరికట్టేందుకు అక్కడ 2008లో ఒక కఠినమైన చట్టం చేశారు. 12 ఏళ్లలోపు పిల్లల కోసం తయారైన ప్రతి వస్తువుకూ అది వర్తించింది. బుల్లి మోటారు సైకిళ్ల బ్యాటరీ కొసల్లో, టైర్ల వాల్వుల్లో కొద్దిపాటి సీసం ఉంటుంది. పిల్లలు మోటారు సైకిలును నాకరు కదా అని ఎవరెంత మొత్తుకున్నా చట్టం చట్టమే. 2009 ఫిబ్రవరి నుంచి దుకాణాలు ఆ బండ్లను అమ్మలేకపోయాయి. చిన్న బండి దొరకకపోతే తల్లిదండ్రులు పెద్ద బండి కొని ఇస్తారని, అది సీసం కన్నా పెద్ద ప్రమాదమని వాదనలు వెల్లువెత్తాయి. చివరకు 2011 ఆగస్టులో చట్టాన్ని సవరించి ఈ బండ్లకు మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది.

ఇందులోని గుణపాఠం మనకూ వర్తిస్తుంది. పసివాడి కొలతకు చేసిన బండిని బజారు నుంచి తొలగిస్తే ఆ ఇంట్లో బండి మోజు తొలగిపోదు. అన్నయ్య స్కూటరు, బాబాయి బుల్లెట్‌ పెట్రోలు ట్యాంకు అతని కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. పైగా పేరున్న సంస్థ చేసిన, వేగానికి హద్దున్న బండి పోయి, ఊరూ పేరూ లేని పెట్రోలు బండి దొడ్డిదారిన ఇంట్లోకి వస్తుంది. కనుక కావలసింది నిషేధం కాదు, హద్దు.

ముందు మైదానం, తర్వాత బండి

ఆ హద్దుల్లో మొదటిది స్థలానికి సంబంధించినది. మన నగరాల్లో క్రికెట్‌ ఆడుకోవడానికే జాగా లేదు. ఆటస్థలం లేని బడులు వీధి వీధికీ కనిపిస్తాయి. బెంగళూరు పొరుగున కోలారు ప్రాంతంలో సంతోష్‌ నెలకొల్పిన శిక్షణ మైదానం వంటివి దేశం మొత్తం మీద వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఈ పరిస్థితిలో బండి కొన్న తండ్రి వారం వారం యాభై కిలోమీటర్లు ప్రయాణం చేసి కొడుకును మైదానానికి తీసుకువెళతాడని ఆశించడం అత్యాశ. మొదటి నెల తీసుకువెళతాడు. రెండో నెల నుంచి బండి అపార్ట్‌మెంటు సెల్లార్‌లో తిరుగుతుంది. మూడో నెలలో వీధిలోకి వస్తుంది. బండి అమ్మకాలు మైదానాల కన్నా వేగంగా పెరిగితే జరిగేది ఇదే. ఇందులో ఎవరి దుర్బుద్ధీ అక్కరలేదు.

కాబట్టి అమ్మకానికి మైదానంతో ముడిపెట్టాలి. బండితోపాటు పిల్లల కొలతకు సరిపడే హెల్మెట్‌, ఛాతీకీ మోచేతులకూ మోకాళ్లకూ కవచాలు, గుర్తింపు పొందిన శిక్షకుడి దగ్గర కొన్ని గంటల శిక్షణ కలిపి ఒకే ధరకు అమ్మాలన్న నిబంధన విధించడం అసాధ్యం కాదు. ధర కొంత పెరుగుతుంది. పెరగడమే మంచిది. కవచాలు కొనలేనివారు బండి మాత్రం కొనగలిగే పరిస్థితి అన్నిటికన్నా ప్రమాదకరం. కొన్నవారి వివరాలు అమ్మినవారి దగ్గర నమోదు కావాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవారికీ ఇదే నియమం వర్తించాలి.

రెండోది ప్రమాణాలకు సంబంధించినది. భారత ప్రమాణాల సంస్థ ఈ తరగతికి విడిగా ఒక ప్రమాణాన్ని రూపొందించాలి. ఏ వయసుకు ఎంత వేగం, సీటు ఎంత ఎత్తు, యాక్సిలరేటర్‌కు హద్దు, పడితే మోటారు ఆగిపోయే తాడు, వేళ్లు చిక్కుకోకుండా గొలుసుకు కవచం అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. విద్యుత్‌ స్కూటర్లు వరుసగా మంటలకు ఆహుతైన 2022 అనుభవం తర్వాత రోడ్డు వాహనాల బ్యాటరీలకు నిబంధనలు కఠినం చేశారు. పసివాడి కాళ్ల మధ్య ఉండే బ్యాటరీకి అంతకన్నా తక్కువ పరీక్ష చాలుననడం న్యాయం కాదు.

మూడోది ప్రచారానికి సంబంధించినది. పిల్లలను ప్రమాదకరమైన పనులకు ప్రోత్సహించే ప్రకటనలు ఉండరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు జారీచేసింది. వాటిని ఈ బండ్ల ప్రకటనలకు కచ్చితంగా వర్తింపజేయాలి. గాలిలోకి ఎగిరే బుల్లి వీరుడి బొమ్మ చూపి, రోడ్డు మీద వాడరాదన్న మాటను చీమ తలకాయంత అక్షరాల్లో వేసే ప్రకటనను అనుమతించరాదు.

నాలుగోది క్రీడా సమాఖ్యల బాధ్యత. దేశంలో మోటారు క్రీడలను పర్యవేక్షించే సమాఖ్య పోటీలకే పరిమితం కాక, పోటీలకు రాని వేలాది పిల్లలకు కూడా మైదానాల కనీస ప్రమాణాలను, శిక్షకుల అర్హతలను నిర్ణయించాలి. ప్రమాదం జరిగిన ప్రతిసారీ విచారణ జరిపి, తేలిన కారణాలను బహిరంగపరచాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు మనకు కొత్త కాదు గానీ, ఇక్కడ కాలేవి పసి చేతులు. రాష్ట్ర ప్రభుత్వాలు తమ క్రీడా ప్రాధికార సంస్థల ద్వారా జిల్లాకు ఒక మట్టి ట్రాకు ఏర్పాటుచేసినా పెద్ద ఖర్చు కాదు. బండి కొనలేని ఇంటి పిల్లవాడు కూడా గంట అద్దెకు నడిపి చూసుకునే వీలు అక్కడ ఉంటే ఈ క్రీడ డబ్బున్నవారి సొత్తు అన్న అపవాదు కూడా తొలగిపోతుంది.

నియమాలన్నీ వచ్చేదాకా, వచ్చాక కూడా, ఆఖరి కావలి తల్లిదండ్రులే. సైకిలు మీద నిలదొక్కుకోవడం, బ్రేకు వేసి ఆపడం రాని పిల్లవాడికి మోటారు బండి ఇవ్వడం ఈత రానివాడిని ఏటిలోకి దించడమే. ఆరు నెలలు సైకిలు తొక్కితే వచ్చే నైపుణ్యాన్ని ఏ ఫోనులోని మీటా ఇవ్వలేదు. కొడుకు పడితే మోటారు ఆగుతుందన్న ధైర్యంతో తండ్రి నీడన కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆ ఏర్పాటు వల్ల మేలు జరగదు. దగ్గర నిలబడి చూడగలిగిన తీరిక లేనివారు ఈ కానుక జోలికి పోకపోవడమే మంచిది.

మన పిల్లలు మట్టిలో ఆడాలి, పడాలి, లేవాలి. సాహసం వారి హక్కు. ఆ సాహసానికి హద్దులు గీసి, ఆ హద్దుల దగ్గర కాపలా నిలవడం పెద్దల విధి. బజారులోకి బండి ముందు వచ్చింది, నియమం వెనుకబడింది. నాలుగేళ్ల పిల్లల బండి ధర ఎంత ఉండాలో నిర్ణయించడానికి కంపెనీలకు ఒక్క ఏడాది చాలింది. దానికి చట్టంలో చోటు చూపడానికి కేంద్ర రవాణా శాఖ, వినియోగదారుల వ్యవహారాల శాఖ, క్రీడా శాఖ కలిసి కూర్చుంటే అంతకన్నా ఎక్కువ కాలం పట్టనక్కరలేదు. అందుకు మరో పసి ప్రాణం బలి కావాలా అన్నదే ఆ మూడు శాఖలూ సమాధానం చెప్పవలసిన ప్రశ్న.